రెండు సెకన్ల మెరుపుకు చిరునామా

2017 ఆగస్టు 17, గురువారం, సాయంత్రం 6 గంటల 11 నిమిషాలు. సికిందరాబాద్‌లో ఇంకా పొద్దు గూకలేదు. ఆ నిమిషంలో నైరుతి ఆకాశం నుంచి, దిగంతానికి ముప్పై అయిదు డిగ్రీల ఎత్తున ఉన్న ఒక చోటు నుంచి, రెండు వార్తలు వెంట వెంటనే భూమికి చేరాయి. ముందు వచ్చింది గురుత్వ తరంగం. ప్యారడైజ్ కూడలిని, రైల్వే స్టేషన్‌ని, ప్లాట్‌ఫారాల మీదున్న మనుషులందరినీ దాటుకుంటూ, నేలలో దూరి అవతలికి వెళ్లిపోయింది. దాని వెనక 1.7 సెకన్లకు గామా కిరణాల మెరుపు వచ్చింది. అది మాత్రం మన నెత్తి మీది గాలిలోనే ఇంకిపోయింది. గామా కిరణాలకు వాతావరణం దట్టమైన గోడ. అలా ఇంకిపోబట్టే భూమ్మీద బతుకు సాగుతోంది. వాటిని చూడాలంటే మాత్రం గాలి పైకి వెళ్లక తప్పదు.

ఆ మెరుపును అమెరికా వారి ఫెర్మి ఉపగ్రహం పట్టుకుంది. భూమికి దూరంగా తిరుగుతున్న ఐరోపా వారి ఇంటెగ్రల్ కూడా పట్టుకుంది. మన ఆస్ట్రోశాట్‌కు ఏమీ కనపడలేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ కనపడకపోవడమే. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

గామా మెరుపులను మొదట చూసినవాళ్లు ఖగోళ శాస్త్రం కోసం చూడలేదు. అంతరిక్షంలో ఎవరైనా దొంగచాటుగా అణు పరీక్షలు చేస్తున్నారేమో కనిపెట్టడానికి అమెరికా 1960లలో వేలా అనే ఉపగ్రహాలను భూమికి లక్ష కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున తిప్పింది. 1967 జులై 2న వాటికి ఒక మెరుపు తగిలింది. అణుబాంబు వెలుగు తీరు దానికి లేదు. ఆ తర్వాత అలాంటివి మరికొన్ని దొరికాయి. లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఆల్సన్ 16 మెరుపుల వివరాలను 1973లో ప్రకటించారు. అవి భూమి నుంచీ, సూర్యుడి నుంచీ వచ్చినవి కావని అంత ధీమాగా ఎలా చెప్పగలిగారు? ఒకే మెరుపు ఒక్కో వేలాను ఒక్కో క్షణంలో తాకింది. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఉపగ్రహాల మధ్య దూరం తెలుసు. ఏది ముందు చూసిందో, ఏది ఎంత ఆలస్యంగా చూసిందో లెక్కగడితే మెరుపు ఏ వైపు నుంచి వచ్చిందో అంచనాకు వస్తుంది.

ఈ పద్ధతి ఇవాళ్టికీ పనిచేస్తోంది. రెండు ఉపగ్రహాలు 6 లక్షల కిలోమీటర్ల ఎడంగా ఉన్నాయనుకుందాం. రెండింటికీ మెరుపు ఒకే క్షణంలో తగిలితే, మూలం వాటిని కలిపే గీతకు సరిగ్గా అడ్డంగా ఉన్న దిక్కున ఉంది. సెకను తేడాతో తగిలితే ఒక పక్కకు వాలి ఉంది. సరిగ్గా రెండు సెకన్ల తేడా వస్తే ఆ గీత వెంబడే ఉన్నట్టు. ఒక జత ఉపగ్రహాలు ఆకాశంలో ఒక వలయాన్ని గీసి, మూలం ఇందులో ఎక్కడో ఉందని చెబుతాయి. మూడో ఉపగ్రహం మరో వలయాన్ని గీస్తుంది. రెండు వలయాలు ఖండించుకునే చోట వెతకాలి. అంగారకుడి చుట్టూ తిరిగే నౌక కూడా ఈ జట్టులో ఉంటే వలయం సన్నని దారంలా వస్తుంది. పొట్టి మెరుపులు ఈ పనికి మరీ అనువు. నిమిషం పాటు మెల్లగా పెరిగి తగ్గే వెలుగుకు ఆలస్యం కొలవడం కష్టం. సెకనులో పదో వంతులో లేచి పడిపోయే వెలుగుకు అంచు కత్తిలా ఉంటుంది.

పొట్టి, పొడుగు అనే విభజన 1990లలో స్థిరపడింది. కాంప్టన్ అబ్జర్వేటరీ మీద బాట్సీ అనే పరికరం 1991 నుంచి 2000 వరకు 2,704 మెరుపులు నమోదు చేసింది. అవి ఆకాశమంతటా సమంగా పరుచుకుని కనిపించాయి. పాలపుంత పళ్లెంలా పరిచి ఉంటుంది కనుక, మెరుపులు మన నక్షత్ర మండలంలోవే అయితే ఆ పట్టీ వెంట గుమిగూడాలి. అలా లేవు. క్రిస్సా కువెలియొటు బృందం 1993లో వాటి నిడివిని పరిశీలించి, రెండు సెకన్ల దగ్గర సరిహద్దు గీయవచ్చని చూపింది. రెండు సెకన్లకు మించినవి చాలావరకు భారీ నక్షత్రాల చావు కేకలని తర్వాత తేలింది. తక్కువ ఉన్నవి మాత్రం చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఢీకొంటే ఇలాంటి మెరుపు వస్తుందన్న ఊహ అప్పటికే ఉంది. ఊహను రుజువు చేయాలంటే మెరుపు ఏ నక్షత్ర మండలంలో పుట్టిందో తెలియాలి. అది తెలిసేలోపే మెరుపు ఆరిపోయేది.

గామా కిరణాలను కటకంతోనో అద్దంతోనో కూడగట్టి బొమ్మ కట్టడం మామూలు టెలిస్కోపుకు చేతకాదు. అవి గాజులోకి చొచ్చుకుపోతాయి. అందుకని బొమ్మకు బదులు నీడతో పని నడిపిస్తారు. తాటాకు పందిరి కింద నేల మీద పడే వెలుగు చుక్కల అమరికను చూసి, తల ఎత్తకుండానే సూర్యుడు ఏ పక్కనున్నాడో చెప్పవచ్చు. స్విఫ్ట్ ఉపగ్రహం మీద సుమారు 52 వేల సీసపు పలకలను అడ్డదిడ్డంగా కనిపించే లెక్కతో అమర్చిన ముసుగు ఉంది. దాని కింద 32,768 చిన్న డిటెక్టర్లు. ముసుగు నీడ ఎటు జరిగిందో చూసి మెరుపు దిక్కును కంప్యూటరే కనుక్కుంటుంది. వెంటనే ఉపగ్రహం, భూమి నుంచి ఆజ్ఞ కోసం ఆగకుండా, తన ఎక్స్‌రే టెలిస్కోపును ఆ వైపుకు తిప్పుకుంటుంది.

2004 నవంబరు 20న ఎగిరిన స్విఫ్ట్ 2005 మే 9న ఆ పని చేసి చూపింది. ఆ మెరుపు నిడివి సెకనులో సుమారు పాతికో వంతు. నిమిషంలోపు టెలిస్కోపు తిరిగింది. దొరికిన ఎక్స్‌రే ఫోటాన్లు పదకొండు. చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగిన ఆ కొద్దిపాటి వెలుగుతో ఆకాశంలో ఒక చిన్న వలయం గీసుకుని చూస్తే, దాని పక్కనే 270 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక దీర్ఘవృత్తాకార నక్షత్ర మండలం ఉంది. అందులో కొత్త నక్షత్రాలు దాదాపు పుట్టడం లేదు. ఉన్నవన్నీ ముసలివి. భారీ నక్షత్రాలు పుట్టిన కొద్దికాలానికే చనిపోతాయి కాబట్టి, ముసలి మండలంలో వాటి చావు మెరుపు వచ్చే అవకాశం చాలా తక్కువ. న్యూట్రాన్ నక్షత్రాల జంటలు మాత్రం కోట్ల ఏళ్లు తిరిగి తిరిగి ఎప్పుడో ఢీకొనగలవు. చోటు తెలియగానే కారణం వైపు దారి తెరుచుకుంది. పొట్టి మెరుపుల చరిత్రలో ప్రతి మలుపూ ఇలాంటిదే. వెలుగును పట్టుకోవడంతో సగం పని కూడా కాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగినప్పుడే అది విజ్ఞానమవుతుంది.

ఆకాశంలో చోటును లెక్కతో చెప్పే పని మన ఊళ్లో కొత్తది కాదు. 1901లో నవాబు జఫర్ జంగ్ ఫిసల్‌బండలో సొంత ఖర్చుతో ఒక వేధశాల పెట్టారు. ఆయన మరణం తర్వాత 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అది సికిందరాబాద్‌కు కూతవేటు దూరంలోని బేగంపేటకు మారి నిజామియా వేధశాలగా స్థిరపడింది. అప్పట్లో ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని, ఎవరి వాటాలోని నక్షత్రాల స్థానాలను వాళ్లు ఫోటోలు తీసి పట్టికలకు ఎక్కించే బృహత్కార్యంలో ఉన్నాయి. హైదరాబాద్ వంతుకు మొదట వచ్చింది దక్షిణాకాశంలో మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ. పోకాక్, ఆ తర్వాత టి.పి. భాస్కరన్ ఆధ్వర్యంలో ఎనిమిది అంగుళాల దుర్భిణితో ఏళ్ల తరబడి గాజు పలకల మీద ఫోటోలు తీశారు. ఒక్కో నక్షత్రం స్థానాన్ని కొలిచి రాశారు. అలా లక్షల కొలతలు పోగుపడ్డాయి. 2017 ఆగస్టులో ఆ రెండు వార్తలూ వచ్చిన చోటు, అంటే రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న చోటు, మైనస్ 23.4 డిగ్రీల దగ్గర, బేగంపేట పట్టీ దిగువ అంచును ఆనుకునే ఉంది. ఆ నక్షత్ర మండలం పేరు ఎన్‌జీసీ 4993. చిత్త నక్షత్రానికి దక్షిణంగా, హస్తకు తూర్పు పక్కన వెతకాలి. మామూలు కంటికి కనపడదు.

గాలి పైకి వెళ్లే ప్రయత్నం కూడా ఇక్కడ త్వరగానే మొదలైంది. టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ ప్రయోగాలకు హైదరాబాద్‌ను ఎంచుకుంది. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ నుంచి ఎగరేశారు. తర్వాత సికిందరాబాద్‌కు తూర్పున ఈసీఐఎల్ పక్కన శాశ్వత కేంద్రం వెలిసింది. హైడ్రోజన్ నింపిన పాలిథిన్ బెలూన్లు పరికరాలను 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్తాయి. 1960ల చివరి నుంచి ఎక్స్‌రే డిటెక్టర్లు ఇక్కడి నుంచి ఎగిరాయి. భారత ఎక్స్‌రే ఖగోళ శాస్త్రం ఓనమాలు దిద్దుకున్నది ఇక్కడే. దిగేటప్పుడు పరికరాలు రంగు పారాచూట్లతో పొలాల్లో పడతాయి. వాటిని తాకకండి, వెంటనే పోలీసులకు చెప్పండి అని పత్రికల్లో వచ్చే ప్రకటనలు మన పాఠకులకు కొత్త కాదు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో దిగిన పెద్ద గుండ్రని డబ్బాను చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ల జనమంతా చేరారు. అది ఈ కేంద్రం నుంచే ఎగిరింది. స్పెయిన్ కంపెనీ ఒకటి తయారుచేసిన ప్రయోగాత్మక గది అది.

ఎన్నో నగరాలుండగా హైదరాబాద్ ఎందుకు? సముద్రానికి దూరంగా ఉండటంతో పరికరాలు నేల మీద పడి తిరిగి దొరుకుతాయన్నది ఒక కారణం. దానికన్నా లోతైనది ఇంకొకటి ఉంది. హైదరాబాద్ భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం అడ్డంగా నిలబడి, అంతరిక్షం నుంచి వచ్చే విద్యుదావేశ కణాల్లో శక్తి తక్కువ ఉన్నవాటిని పక్కకు నెట్టేస్తుంది. ధ్రువాల దగ్గర ఆ రక్షణ ఉండదు. ఆ కణాలు డిటెక్టర్లో రొద పుట్టిస్తాయి. రొద తక్కువ ఉన్న చోటే చిన్న సంకేతం వినపడుతుంది. ఇది 1960ల బెలూన్లకు ఎంత నిజమో, 2015లో ఎగిరిన ఆస్ట్రోశాట్‌కూ అంతే నిజం. అది భూమధ్యరేఖకు కేవలం 6 డిగ్రీల వాలులో, 650 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. ఆ వాలును కావాలనే అంత తక్కువగా పెట్టారు.

అయితే బెలూన్ గాలిలో ఉండేది కొన్ని గంటలే. మెరుపు ఎప్పుడు, ఎటు నుంచి వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. ఏడాది పొడవునా కన్నార్పకుండా చూసేది కావాలి. 1994 మే 4న శ్రీహరికోట నుంచి ఏఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన స్రాస్-సి2 అనే చిన్న ఉపగ్రహంలో గామా మెరుపుల డిటెక్టర్ ఉంది. అంతకుముందు 1987లో ఇలాంటి పరికరంతోనే ఎగిరిన మొదటి స్రాస్ రాకెట్ వైఫల్యంతో కక్ష్యకే చేరలేదు. 1992లో స్రాస్-సి అనుకున్నదానికన్నా తక్కువ కక్ష్యలో పడి, రెండు నెలల్లోపే రాలిపోయింది. ఏడేళ్లపాటు పట్టువదలకుండా అదే పరికరాన్ని మళ్లీ మళ్లీ కట్టినవాళ్ల గురించి మనం చెప్పుకోవలసినంత చెప్పుకోలేదు.

2015 సెప్టెంబరు 28న అదే శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సి30 మీద ఆస్ట్రోశాట్ వెళ్లింది. అందులోని సీజెడ్‌టీఐ పరికరంలో కాడ్మియం, జింకు, టెల్లూరియం కలిపి చేసిన స్ఫటికాలతో 16,384 చుక్కల తెర ఉంది. దాన్ని తయారుచేసింది ఎదురుగా ఉన్న ఒక చిన్న ఆకాశ భాగాన్ని చూడటానికి. గామా శక్తి సుమారు 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటాక దాని పెట్టె గోడలే పారదర్శకమవుతాయి. పక్క నుంచి, వెనక నుంచి వచ్చిన మెరుపులు కూడా తెర మీద పడతాయి. శాస్త్రవేత్తలు దీన్ని లోపమనుకోలేదు. ఆకాశమంతా చూసే కన్నుగా మార్చుకున్నారు. పరికరం పని మొదలుపెట్టిన రోజునే, 2015 అక్టోబరు 6న, ఒక మెరుపు దొరికింది. అప్పటి నుంచి అయిదు వందలకు పైగా చేరాయి. పక్క నుంచి వచ్చిన మెరుపు దిక్కును తేల్చడానికి ఉపగ్రహం శరీరాన్నే ముసుగుగా వాడుకుంటారు. ఏ టెలిస్కోపు గొట్టం, ఏ ఇంధన తొట్టి ఎంత వెలుగును అడ్డగించిందో కంప్యూటర్లో నమూనా కట్టి, తెర మీది వెలుగుతో పోలుస్తారు. ఈ పద్ధతి ఇచ్చే దిక్కు మోటుగానే ఉంటుంది. అయినా కొన్నిసార్లు అదే సరిపోతుంది.

సమయం కూడా చోటులాంటి సాక్ష్యమే. 2017 జనవరి 4న రెండు కృష్ణబిలాలు కలిసిన గురుత్వ తరంగం వచ్చింది. మర్నాడు అట్లాస్ టెలిస్కోపుకు ఆ దిక్కున వేగంగా మసకబారుతున్న ఒక వెలుగు కనపడింది. కృష్ణబిలాలు కలిస్తే వెలుగు వస్తుందా అని ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఖగోళ శాస్త్రవేత్త వరుణ్ భలేరావు, ఆయన సహచరులు ఆస్ట్రోశాట్ సమాచారం తవ్వి చూశారు. తరంగం వచ్చిన క్షణంలో గామా వెలుగు ఏదీ లేదు. దాదాపు 20 గంటల తర్వాత మాత్రం ఒక మెరుపు ఉంది. మసకబారుతున్న వెలుగు దానికి చెందింది, కృష్ణబిలాలకు కాదు. ఒక తప్పుడు చుట్టరికం అక్కడితో తెగిపోయింది.

మళ్లీ ఆ ఆగస్టు సాయంత్రానికి వస్తాను. ఫెర్మి మీద పన్నెండు సోడియం అయొడైడ్ డిటెక్టర్లు వేర్వేరు దిక్కులకు తిరిగి ఉంటాయి. ఏది ఎక్కువ వెలుగు చూసింది, ఏది తక్కువ అన్న పోలికతో దిక్కు తీస్తారు. ఆ రోజు మెరుపు నీరసమైనది. అందుకని ఫెర్మి చెప్పిన చోటు 1,100 చదరపు డిగ్రీల మేర పరుచుకుంది. పౌర్ణమి చంద్రుడు ఆకాశంలో ఆక్రమించేది సుమారు 0.2 చదరపు డిగ్రీ మాత్రమే. అంటే వేల చందమామలంత చోటులో వెతకాలి.

గురుత్వ తరంగాలను పట్టే డిటెక్టర్లలో, అమెరికాలోని రెండు లైగోలకు ఆ రోజు తరంగం గట్టిగా తగిలింది. ఇటలీలోని విర్గోకు దాదాపు వినపడలేదు. విర్గో చెడిపోయిందా? బాగానే పనిచేస్తోంది. అలాంటి డిటెక్టర్‌కు దిగంతం వెంట నాలుగు దిక్కుల్లో గుడ్డి మచ్చలుంటాయి. వినపడలేదంటే మూలం వాటిలో ఒకదాని దగ్గర ఉన్నట్టు. ఒక్కసారిగా వెతకవలసిన చోటు 30 చదరపు డిగ్రీల దాకా కుదించుకుపోయింది. ఆస్ట్రోశాట్‌దీ అదే తర్కం. దానికి కనపడకపోవడానికి కారణం మెరుపుకూ దానికీ మధ్య భూమి అడ్డు రావడం. నైరుతి ఆకాశంలోని ఆ చోటు హైదరాబాద్‌కు కనపడే దిక్కున ఉంటే, ఆస్ట్రోశాట్ అప్పుడు భూగోళానికి అవతలి పక్కన ఉంది. భూమి చాటు కాని ఆకాశమంతటినీ అది చూస్తూనే ఉంది. అక్కడ మెరుపు లేదు. కాబట్టి ఫెర్మి గీసిన విశాల ప్రాంతంలో ఆస్ట్రోశాట్‌కు కనపడే భాగమంతా కొట్టివేయవచ్చు. జాగ్రత్తగా చూస్తూ ఉన్న కన్ను 'లేదు' అంటే, 'ఉంది' అన్నంత విలువ దానికీ ఉంటుంది. ఆస్ట్రోశాట్‌కు ఆ మెరుపు దొరకలేదని చెప్పి ఊరుకుంటే చాలదు. ఆ దొరకకపోవడం విలువను కూడా చెప్పాలి.

చిలీలోని లాస్ కంపానాస్ మీదున్న స్వోప్ టెలిస్కోపు, ఆ చిన్న ప్రాంతంలో సరైన దూరంలో ఉన్న నక్షత్ర మండలాలను ఒక్కొక్కటిగా చూస్తూ పోయి, తరంగం తగిలిన దాదాపు 11 గంటల తర్వాత ఎన్‌జీసీ 4993లో కొత్త చుక్కను పట్టుకుంది. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. చోటు తెలియగానే భూమ్మీది టెలిస్కోపులెన్నో అటు తిరిగాయి. పుణె దగ్గరి రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ కూడా తర్వాతి నెలల్లో దాన్ని గమనించింది. ఆ చుక్క నీలం నుంచి ఎరుపుకు మారుతూ, బరువైన మూలకాలు అక్కడ పుడుతున్నాయని చెప్పింది. పొట్టి మెరుపులు న్యూట్రాన్ నక్షత్రాల ఢీ నుంచి వస్తాయన్న ఊహ ఆ రోజు రుజువైంది.

రుజువైందని ఊపిరి తీసుకునేలోపే సరిహద్దు చెరిగింది. 2021 డిసెంబరు 11న వచ్చిన మెరుపు 50 సెకన్లు సాగింది. పొడుగు జాబితాలో పడాలి. వెనక మిగిలిన వెలుగు మాత్రం న్యూట్రాన్ నక్షత్రాల కలయికదే. 2020 ఆగస్టు 26 నాటిది ఒక్క సెకనుదే అయినా, చనిపోతున్న భారీ నక్షత్రం నుంచి వచ్చింది. 2023 మార్చి 7న వచ్చిన మరో పొడుగు మెరుపు జాడలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు టెల్లూరియం గుర్తును చూసింది. ఆస్ట్రోశాట్ తెరలోని స్ఫటికాల్లో ఉన్నది అదే మూలకం. ఇలాంటి బరువైన మూలకాలు చాలావరకు ఈ రకమైన ఢీలలోనే పుట్టాయని ఇప్పటి అవగాహన. ఏ మెరుపుల కోసం ఆ డిటెక్టర్ కాచుకుని ఉందో, దాని ముడిసరుకు బహుశా అలాంటి మెరుపుల్లోనే తయారైంది. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు గగుర్పాటు కలుగుతుంది. గడియారం ఒక్కటే చూసి మెరుపు జాతి చెప్పలేమని కూడా ఈ మూడు మెరుపులూ నేర్పాయి. చోటు తెలియాలి, అక్కడ మిగిలిన వెలుగును రోజుల తరబడి చూడాలి.

ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులకు ఒక మాట. ఆస్ట్రోశాట్ సమాచారం ఇస్రో భాండాగారంలో అందరికీ ఉచితంగా దొరుకుతుంది. ఉస్మానియాలోనో, వరంగల్‌లోనో కూర్చున్న ఎమ్మెస్సీ విద్యార్థి కూడా అందులో మెరుపుల కోసం వెతకవచ్చు.

మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢాలో లైగో-ఇండియా కట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 1956 దాకా హింగోలి హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. అమెరికాలోని రెండు లైగోలకు అంత దూరాన మరో చెవి ఉంటే గురుత్వ తరంగం వచ్చిన దిక్కు ఇప్పటికన్నా ఎంతో సన్నగా తెలుస్తుంది. గామా వైపు దక్ష అనే ప్రతిపాదన ఉంది. ఐఐటీ బొంబాయి ముందుండి, టాటా సంస్థతో పాటు మరికొన్ని సంస్థలు కలిసి రూపొందించినది. ఒకే కక్ష్యలో భూమికి చెరో పక్కన తిరిగే జంట ఉపగ్రహాలు. ఒకటి భూమి చాటున పడిన ఆకాశాన్ని రెండోది చూస్తుంది. రెండింటికీ కనపడిన మెరుపుకు తాకిన క్షణాల్లో తేడా కొలవవచ్చు, ఒకదానికే కనపడితే రెండోదాని చాటు ఎక్కడో చూసి ఆకాశాన్ని కుదించవచ్చు. దానికి అనుమతి ఇంకా రావలసి ఉంది.